పెద్ద నగరం, ఎవరి దారి వారిది

మహానగరంలో అన్ని రకాల మనుషులూ ఎదురుపడతారని అనుకుంటాం. అమెరికా లెక్క అడ్డం తిరిగింది.

సెల్‌ఫోన్ల జాడను బట్టి, 96 లక్షల మంది పరస్పరం తారసపడిన 160 కోట్ల సందర్భాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. 2023లో ‘నేచర్’ పత్రిక ఆ ఫలితం ప్రచురించింది: లక్షలోపు జనాభా ఉన్న పట్టణ ప్రాంతాలకన్నా, పది అతిపెద్ద నగర ప్రాంతాల్లో ఆదాయాలవారీ ఎడం 67 శాతం ఎక్కువ!

చిన్న ఊళ్లో ఉండేవే నాలుగు హోటళ్లు. డాక్టరైనా, డ్రైవరైనా అక్కడికే రావాలి. న్యూయార్క్‌లోనో? ఏ జేబుకు తగ్గ హోటలు దానికుంది, జిమ్ములూ అంతే. ఇక కలిసేదెక్కడ?

విరుగుడూ ఆ పరిశోధనలోనే దొరికింది. కలిగినవాళ్ల పేటలకూ, లేనివాళ్ల పేటలకూ నడుమ షాపింగ్ మాల్‌లాంటివి ఉన్నచోట ఎడం తక్కువ. మాల్‌కు అనుమతిచ్చేముందు అది ఏ పేటల మధ్య వస్తోందో నగరపాలకులు చూసుకోవాలి.