విడిపోతే పొలం ఎవరిది?

(మహిళా రైతుల సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, కాలువ నీళ్ల గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఇవాళ గడప లోపలి సంగతి మాట్లాడుకుందాం. ఆలుమగలు విడిపోతే పొలం, గొడ్డూగోదా, అప్పులు ఎవరికి ఎంత?

విడాకులైతే కోర్టు ఆస్తిని సగం సగం పంచుతుందని మనలో చాలామంది నమ్మకం. అది నిజం కాదు. గోవాలో పోర్చుగీసుల నాటి సివిల్ కోడ్ ప్రకారం మామూలుగా భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిది, విడిపోతే చెరి సగం. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కాగితం మీద ఎవరి పేరుంటే ఆస్తి వారిదే. ఇరవై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరిన మనిషికి పాసు పుస్తకంలో పేరు లేకపోతే ఆ చెమట లెక్కలోకి రాదు.

మరి ఏ హక్కూ లేదా? ఉంది. తెలుసుకుని అడగాలి.

మొదటిది స్త్రీధనం. పుట్టింటివారైనా అత్తింటివారైనా ఆమెకని ఇచ్చిన బంగారం, డబ్బు, పాడిగేదె ఆమెవే. అవి భర్త దగ్గరున్నా అతనివి కావని 1985లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రెండోది భరణం. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద నెలనెలా గానీ ఒకేసారి గానీ ఇప్పించమని అడగవచ్చు. దానికి అతని భూమిని హామీగా కట్టించమనీ కోరవచ్చు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పాలని, దరఖాస్తు వేసిన రోజు నుంచే భరణం లెక్కకట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ముస్లిం, క్రైస్తవ సోదరీమణులకు వేరే చట్టాల కింద ఈ రక్షణ ఉంది.

మూడోది పుట్టింటి వాటా. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005లో అది దేశమంతటా హిందూ కుటుంబాల్లోని కూతుళ్లందరికీ వర్తించింది.

ఇక మనవాళ్లు మోసపోయే చోట్లు మూడున్నాయి. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చామని నలుగురిలో నోటిమాటగా చెబితే చాలదు, దానపత్రం రిజిస్టరు చేయించాలి. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద పొలం రాసిచ్చినా అంతే, రిజిస్ట్రేషన్ లేనిదే హక్కు మారదు. ఇక మూడోది అప్పు. ఆమె పేరున తెచ్చిన డ్వాక్రా డబ్బు బోరు వేయడానికి పోతుంది. బోరు అతని పొలంలో ఉంటుంది. విడిపోయాక వాయిదా మాత్రం ఆమె మెడకే చుట్టుకుంటుంది, బ్యాంకు సంతకం చేసిన మనిషినే అడుగుతుంది కాబట్టి. అందుకే రాజీ పత్రంలో ఆస్తితోపాటు ఏ అప్పు ఎవరు తీర్చాలో రాయించుకోవాలి.

భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013లో రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభ దాటకుండానే మురిగిపోయింది. తాతల నాటి పొలం ముక్కలవుతుందని మనలోనే కొందరి భయం. కోడలికి ఇవ్వాల్సి వస్తుందని భయపడే ఇంట్లోనే కూతురు కూడా ఉంది కదా! రేపు ఆమె చేతిలో సంచితో తిరిగొస్తే ఇదే మాట అనగలమా?

మన తప్పూ ఒప్పుకుందాం. సభ్యత్వం రాసేటప్పుడు మనం కూడా పాసు పుస్తకం ఎవరిదనే అడిగాం. ఇకనుంచి సాగుచేసే ఆడమనిషి పేరూ రాద్దాం. కొత్తగా కొనే సెంటు భూమైనా ఇద్దరి పేర్లా రిజిస్టరు చేయిద్దాం. పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే చట్టం కావాలని అడుగుదాం.

ఖర్చుకు భయపడి ఎవరూ ఆగవద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవారికి ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. తోడు కావాలంటే సంఘం కార్యకర్తలం మేం వస్తాం.