లంగరువేసిన పడవలో దూరదర్శనము



ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణమును, ఛందస్సును జెప్పి విశ్రాంతి దీసికొన్న బడిపంతులు, నీటిమీఁది పడవలో టెలివిజను బొమ్మ నిలుచుటను గూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. అయినను, పోయిన వేసవిలో నేను కన్నులారఁ జూచిన సంగతి యొకటి నాచేత నీ విషయమును నేర్పించినది. నేర్చినదానిని చెప్పక యూరకుండుట ఉపాధ్యాయునకుఁ జేతకాదు. తీరగ్రామములలోని మీలో పెక్కండ్రకు కొడుకులో, మనుమలో, అల్లుండ్రో పడవలమీఁద నున్నారు. కావున నీ మాట మీకును బనికివచ్చునని తలఁచుచున్నాను.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూను 14వ తేదీవఱకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. అది చేఁపలు గ్రుడ్లు పెట్టు కాలము. ఆ దినములలో కాకినాడ ప్రాంతమున పడవలు కొన్ని రేవునఁ గట్టఁబడియు, కొన్ని లంగరు వేసికొనియు నుండును. కాపలాకై యొకరిద్దఱు కలాసులు పడవలోనే పరుందురు. నా పూర్వశిష్యుఁ డొకఁ డట్టి పడవకు యజమానుఁడు. వాఁడు కలాసుల కాలక్షేపమునకై పడవకప్పుమీఁద డి.డి. ఫ్రీ డిష్ పెట్టించెను. ఒకనాఁడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, గట్టున కట్టినప్పుడు బొమ్మ అద్దంలా ఉంటుందండి. లంగరేస్తే చాలు, గంటకు పదిసార్లు పోతుంది. కొట్టువాడు డిష్షు మార్చమంటాడు. మార్చాను, మళ్లీ అంతే" అనెను. "నాకేమి తెలియునురా నాయనా?" అంటిని. "మీరు మాకు గ్రహాల లెక్కలు చెప్పారు గదండీ. ఇదీ ఆకాశం లెక్కే" అని వాఁడు నన్నుఁ బడవ యెక్కించెను.

వాఁ డన్నది నిజమే. ఇది ఆకాశపు లెక్కయే. డి.డి. ఫ్రీ డిష్ ప్రసారములు జీశాట్-15 అను ఉపగ్రహమునుండి వచ్చుచున్నవి. దానిని 2015వ సంవత్సరము నవంబరు మాసమున ప్రయోగించిరి. అది భూమధ్యరేఖకుఁ బైన, దాదాపు 35,786 కిలోమీటర్ల యెత్తున, తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీలకడ నుండి, భూమితోఁబాటు తిరుగుచుండును. అందువలన మన కన్నులకు ధ్రువునివలెఁ గదలక యున్నట్లే లెక్క. కాకినాడనుండి గణించినచో, దాని స్థానము దక్షిణమునకును ఆగ్నేయమునకును నడుమ, క్షితిజమునకు సుమారు 66 డిగ్రీల యెత్తున తేలును. రెండడుగుల డిష్షు ఆకాశమున మూఁడు డిగ్రీల మేరను మాత్రమే చక్కఁగాఁ జూడఁగలదు. మీరు చేయి చాఁచి రెండు వ్రేళ్లను జేర్చి నిలిపినచో ఆకాశమున నెంత చోటు మఱుఁగుపడునో, సుమారంత. ఆ రెండు వ్రేళ్ల వెడల్పులో ఉపగ్రహము నిలిచినంతసేపే బొమ్మ.

ఇఁక పడవ సంగతి. లంగరువేసిన పడవ నిలిచినట్లు కనఁబడును గాని నిలువదు. గాలి మాఱినపుడును, పోటు తీసి పాటు వచ్చినపుడును అది లంగరుచుట్టును తిరుగును. అలలకు ప్రక్కలకు ఒఱగును. ఆ పడవలో నేను దిక్సూచి చేతఁబట్టి చూచితిని. అరగంటలో పడవముక్కు నలువది డిగ్రీలు ఇటునటు ఊఁగినది. కప్పునకు బిగించిన డిష్షును దానితోఁబాటే తిరిగినది. ఉపగ్రహము ఇంత యెత్తున నున్నను, పడవ పది డిగ్రీలు తిరిగినచో గుఱి నాలుగు డిగ్రీలు తప్పును. అంతతో బొమ్మ పోవును. ఎడ్లబండిలోఁ గూర్చుండి సూదిలో దారము గ్రుచ్చఁబోయినట్లే ఆ డిష్షు అవస్థ. కనుక తప్పు డిష్షుది కాదు, పెట్టెది కాదు. ఎన్ని డిష్షులు మార్చినను ఫలము లేదు.

ఇచ్చట మఱియొక సంగతి గ్రహింపవలెను. వెనుకటి టెలివిజనులో సంకేతము బలహీనమైనపుడు తెరపైఁ జీమలు ప్రాఁకినట్లుండెడిది. ఒకఁడు మిద్దెయెక్కి గొట్టమును త్రిప్పుచు "వచ్చిందా?" అనుటయు, క్రిందివారు "ఇంకొంచెం" అనుటయు మీరెఱుఁగుదురు. బొమ్మ చెడుచున్నదని ముందుగాఁ దెలియుచుండెను. డిజిటలు పద్ధతి యట్టిది కాదు. అందు బొమ్మ అంకెలుగా మాఱి వచ్చును. కొన్ని యంకెలు తప్పినను పెట్టె సరిదిద్దుకొనును. ఆ హద్దు దాఁటినతోడనే బొమ్మ ముక్కలై, పిదప మొత్తముగా మాయమగును. గట్టు అంచువఱకు నేల సమముగా నుండి, అంచు దాఁటఁగానే లోయ వచ్చినట్లు. హెచ్చరిక యుండదు.

మఱి యుపాయము లేవి? మొదటిది, పడవను తిరుగనీయకుండుట. గాలి లేని కాలువలోఁగాని, రేవునఁగాని ముక్కును వెనుకను రెంటిని గట్టినచో డిష్షును కప్పుమీఁదనే గుఱిపెట్టవచ్చును. రెండవది, డిష్షును గట్టుమీఁదనే పాఁతి, కేబులును మాత్రము పడవలోనికిఁ దెచ్చుట. ఇది గట్టు దాపున నున్న పడవకే కుదురును. కేబులు పొడవు పెరిగినకొలఁది సంకేతము తగ్గునని మఱువరాదు. మూఁడవది, పెద్ద యోడలలో వాడునట్టిది. గుండ్రని మూఁత లోపల డిష్షు ఉండును. గైరోస్కోపు అను సాధనము పడవ కదలికను గనిపెట్టఁగా, చిన్న మోటారులు డిష్షును ఎదురు త్రిప్పి గుఱి నిలుపును. లంగరుపై నిజముగాఁ బనిచేయునది యిదియే. కాని దాని వెల లక్షలలో నుండును. వేటపడవకు అది తగదు.

ఇంగ్లండులో పడవలనే యిండ్లుగాఁ జేసికొని కాఁపురముండువారు వేలకొలఁది కలరు. అచ్చట 2012వ సంవత్సరమున పాతపద్ధతి ప్రసారములు ముగిసి, నేలమీఁది గోపురములనుండి డిజిటలు ప్రసారములే వచ్చుచున్నవి. గోపురపు సంకేతమునకు ఉపగ్రహమునకు వలె సూక్ష్మమైన గుఱి యక్కఱలేదు. కావున పడవవారు అన్ని దిక్కులనుండియు గ్రహించు గుండ్రని ఏరియలును కొయ్యచివరఁ గట్టుదురు. అది ఒకే దిక్కు చూచు ఏరియలుకంటె బలహీనమే గాని, పడవ తిరిగినను బొమ్మ పోదు. అచ్చటి పెద్ద గోపురములలోఁ బెక్కింటికి ఏరియలు కడ్డీలు అడ్డముగాను, చిన్నవానిలోఁ బెక్కింటికి నిలువుగాను ఉండవలెను. మన దేశమున దూరదర్శన్ వారు 2016లో కొన్ని నగరములలో మాత్రమే అట్టి డిజిటలు ప్రసారములు మొదలిడిరి. పాత గోపురములు 2022 నాఁటికి దాదాపుగా అన్నియు మూఁతఁబడినవి. కాఁబట్టి మన పడవవారికి డిష్షే గతి. తీరము దాపున నున్నంతవఱకు సెల్లుఫోనును ఒక దారియే. దూరమైనకొలఁది అదియు మూఁగవోవును.

నే నీ లెక్కలన్నియు వివరించి, "రేవునఁ గట్టినపుడు చూచుకొనుఁడు, లంగరుపై నున్నపుడు ఆశ వదలుకొనుఁడు" అని చెప్పితిని. శిష్యుఁడు తలయూఁపెను. కాని మనసొప్పలేదు కాఁబోలు. మఱునాఁడు నేను పోవుసరికి బొమ్మ మునుపటికంటె నిలుకడగానే యున్నది. "ఎట్లు సాధించితివిరా?" అంటిని. "లంగరు తాడు కురచ చేశానండి. తాడు తగ్గితే తిరుగుడు తగ్గింది" అని నవ్వెను. నాకును యుక్తిగానే తోఁచినది. ఆ పడవలోని వృద్ధకలాసి మాత్రము నవ్వలేదు.

ఆ సాయంకాలము ఈశాన్యమున మబ్బు క్రమ్మినది. తెరపై వార్తలలో తీరమునకు గాలివాన హెచ్చరిక చదువుచుండిరి. ఏ జిల్లాకో వినునంతలో వాన యందుకొన్నది. బొమ్మ ముక్కలై పోయినది. డిష్షు గుఱి తప్పలేదు. ఇది వేఱు కారణము. ఈ ప్రసారములు మోసెడి తరంగములు మిక్కిలి పొట్టివి, ఒక యంగుళము పొడవు. జడివానలోని నీటిబొట్లు వానిని మ్రింగివేయును. అనఁగా, హెచ్చరిక యెప్పు డక్కఱయో అప్పుడే ఆ సాధనము మూఁగవోవును. శిష్యుఁడు పెట్టెకడ వంగి మీటలు నొక్కుచుండఁగా పడవ ఒక్కమాఱు కుదిపినది. వృద్ధకలాసి "లంగరు ఈడుస్తోంది!" అని కేకవేసి ముక్కుకడకుఁ బరుగెత్తెను.

లంగరు బరువుచేఁ బట్టుననుకొనుట పొరపాటు. త్రాడు పొడవుగా నుండి, లాగుడు నేలకు వాలుగా వచ్చినపుడే దాని కొక్కెము బురదలో దిగును. నీటిలోఁతు రెండు బారలైన, త్రాడు పది బారలకుఁ దక్కువ యుండరాదు. గాలివానలో ఇంకను పెక్కు బారలు వదలవలెను. మా పడవకు ఆ ప్రొద్దు వదలినది అయిదు బారలే. గాలికి త్రాడు నిలువుగా బిగిసి లంగరును బురదనుండి పెకలించినది. ప్రక్క పడవకును మాకును నడుమ పడవపొడవు పాటి దూరము కూడ లేదు. కలాసి త్రాడంతయు వదలెను. కొంత దూర మీడ్చి లంగరు మఱల పట్టినది. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. శిష్యుఁడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "బొమ్మకోసం ముగ్గుర్ని పోగొట్టేవాణ్ణండి" అనెను. యుక్తి మెచ్చుకొన్న నాకును ఆ మాటలో భాగమున్నది.

ఆ రాత్రి కలాసి నాకొక విషయము జ్ఞప్తికిఁ దెచ్చెను. రేవులలో తుపాను గుర్తు లెగురవేయుదురు గదా. అవి 1వ సంఖ్య మొదలు 11వ సంఖ్యవఱకు. మనలోఁ జాలమంది 10వది మహాప్రమాద మని యెఱుఁగుదుము. 11వది యేమి? హెచ్చరికలు పంపెడి కేంద్రముతో వార్తాసంబంధములు తెగిపోయినవని దాని యర్థము. ప్రమాద మింతయని చెప్పువా రెవ్వరును లేరు, కావున జాగ్రత్తపడుఁడని భావము. పెద్ద లెంత వివేకముతో నీ గుర్తు నేర్పఱచిరో చూడుఁడు. మాట వినఁబడకపోవుటను వారు క్షేమముగా నెంచలేదు. అన్నిటికంటెఁ బైమెట్టున నిలిపిరి.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెనను మీలోఁ బెక్కండ్రు మఱువలేరు. దాదాపు పదివేలమంది పోయిరి. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీని కాకినాడకు దక్షిణమునఁ దీరము దాఁటిన తుపానులో వేయిమందికిఁ బైఁగా గతించిరి. వేటకుఁ బోయిన మత్స్యకారు లెందఱో తిరిగి రాలేదు. ఇట్టి తీరమున హెచ్చరికకై బొమ్మపెట్టె నొక్కదానినే నమ్మరాదు.

బొమ్మ తెచ్చుటకు క్షణమునకు లక్షల యంకెలు కావలెను. "తుపాను వచ్చుచున్నది, మరలి రండు" అను నొక్క వాక్యమునకుఁ గొన్ని యంకెలు చాలును. అందుచేతనే వాక్యము తెచ్చు సాధనములు చిన్నవి, గుఱి యక్కఱలేనివి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్రసమాచార సంస్థవారి సహాయముతో 2019లో వెలువడిన జెమిని యను పరికరము అట్టిది. అది ఉపగ్రహమునుండి హెచ్చరికను గ్రహించి సెల్లుఫోనునకు అందించును. సముద్రముపై సెల్లుఫోను సంకేతము లేకున్నను పనిచేయును. ఓడలవారి వి.హెచ్.ఎఫ్. రేడియోలో 16వ ఛానలు ఆపదపిలుపునకై యేర్పడినది. బ్యాటరీతోఁ బాడు చిన్న రేడియో సరే సరి.

కావున పడవవారికి మీరు చెప్పవలసిన మాటలు నాలుగు. టెలివిజను రేవునఁ జూచుకొనుఁడు, దానికై లంగరుత్రాడును బెత్తెడైనను తగ్గింపకుఁడు. ఇంజను నడిపించు బ్యాటరీని బొమ్మపెట్టెకుఁ గలుపకుఁడు, వేఱొకటి యుంచుఁడు, లేనిచో ఆపదలో ఇంజను మేలుకొనదు. గాలి లేవకముందే డిష్షును దింపుఁడు, అది తెరచాపవలె గాలిని బట్టును. కేబులు అతుకులను ఉప్పుగాలి తినివేయును, నీరు చొరకుండ చుట్టి యుంచుఁడు.

అయిదవ మాట గట్టుననున్న మనకు. ఇంటిలో బొమ్మ పోయినపుడు విసుగుకొనుట మానుదము. వానలో బొమ్మ పోయినదనఁగా, నీటిమీఁది పిల్లలకును పోయియుండును. వెంటనే లేచి వారికి మఱియొక దారిని మాట పంప యత్నింతము.

నా శిష్యుఁ డిప్పుడు లంగరు వేసినపుడు పెట్టెపై గుడ్డ కప్పుచున్నాఁడు. వృద్ధకలాసి సాయంకాలము రేడియో పెట్టుచున్నాఁడట. ఈ ప్రసంగమును విందునని కబురు చేసినాఁడు.