బస్తాకు 56 పైసలు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఆదివాసీ, గిరిజన యువతతో మాట్లాడిన మాటల పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం: కొత్త సిమెంటు కంపెనీలో పెట్టుబడి. కొందరు నవ్వుతున్నరు. వానాకాలం విత్తనాలకే షావుకారి దగ్గర చెయ్యి చాపేటోళ్లం, మనకు సిమెంటు కంపెనీలో పెట్టుబడేంది అని. నేను చెప్పొచ్చేది ఏందంటే, ఏ సిమెంటు కంపెనీలోనైనా అందరికంటే ముందు పెట్టుబడి పెట్టేది భూమి ఇచ్చినోళ్లే. వాళ్ల పేరు మాత్రం వాటాదార్ల పుస్తకంలో ఉండదు.

సిమెంటు మనకు కొత్త సంగతేం కాదు. పాలమూరు లేబర్ అనే పేరుతో మన తాతలు, తండ్రులు దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన్రు, కాలువలు తవ్విన్రు. బస్తా మోయడం మనకు బాగా తెలుసు. బస్తా లెక్క మాత్రం మనకు ఎవరూ చెప్పలే. ముందు ఆ లెక్క చూద్దాం.

సిమెంటుకు ముడిసరుకు సున్నపురాయి. దాన్ని పొడి చేసి, సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ అనే గట్టి గడ్డలు వస్తయి. వాటిలో కొంచెం జిప్సం కలిపి మెత్తగా నూరితే సిమెంటు. టన్ను క్లింకర్ కావాలంటే దాదాపు టన్నున్నర రాయి పొయ్యిలో పడాలి. అంటే 50 కిలోల ఓపీసీ బస్తా వెనక సుమారు 70 కిలోల రాయి ఉంది. తగ్గిన బరువు ఎటు పోయింది అంటారా? కార్బన్ డయాక్సైడ్ అయి పొగ గొట్టం నుంచి గాలిలో కలిసింది.

సున్నపురాయి మీద కంపెనీ ప్రభుత్వానికి కట్టే రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. 2014లో పెట్టిన రేటు అది. 70 కిలోలకు లెక్కేస్తే 5 రూపాయల 60 పైసలు. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసమని 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టిన్రు. వేలంలో వచ్చిన కొత్త గనులకైతే రాయల్టీ మీద 10 శాతం ఆ నిధికి కట్టాలి. 5 రూపాయల 60 పైసల్లో పదో వంతు ఎంత? 56 పైసలు. కొట్టుకాడ మూడొందలు, ఆపైన పలికే బస్తాలో, దుమ్ము మింగిన ఊరి పేరు మీద జమయ్యేది 56 పైసలు. వేలంలో పాడిన ప్రీమియం వేరే ఉంటది, అది రాష్ట్ర ఖజానాకు పోతది.

ఇదే లెక్క ఎకరంతో చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పది మీటర్ల లోతు వరకు మంచి రాయి ఉంటే, ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున దాదాపు లక్ష టన్నులు. దాంతో 14 లక్షల బస్తాలు. బస్తాకు 300 వేసుకుంటే 42 కోట్ల సరుకు. అదంతా లాభం అంటలేను. బొగ్గు, కరెంటు, లారీలు, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ పోవాలి దాంట్లో. అయినా ఆ ఎకరం అమ్మిన మనిషి చేతికి ఎంత వచ్చిందో పక్కన రాసుకుని, రెండు అంకెలనూ కాసేపు చూడండి. ఆయనకు డబ్బు ఒక్కసారి వస్తది. రాయి ఏండ్ల తరబడి డబ్బు ఇస్తనే ఉంటది.

ఇప్పుడు కృష్ణ ఒడ్డునే కిందికి పోదాం, నల్లగొండ జిల్లా దామరచర్ల దిక్కు. అక్కడ వాడపల్లి దగ్గర విష్ణుపురంలో బి.వి. రాజు రాశి సిమెంట్ పెట్టిన్రు. 1998లో ఇండియా సిమెంట్స్ దాన్ని చేజిక్కించుకుంది. రాజు తన వాటాను అమ్మిన్రు. 2024 డిసెంబర్‌లో ఆ ఇండియా సిమెంట్సే అల్ట్రాటెక్ చేతికి పోయింది. అదే రాయి, అదే కొలిమి, మూడో యజమాని. ఇటు మంచిర్యాల జిల్లా కాసిపేట మండలంలో, ఆదివాసీ గూడేల మధ్య దేవాపూర్ ఉంది. అక్కడ 1980ల మొదట్లో మొదలైన ఓరియంట్ సిమెంట్‌ను 2025 ఏప్రిల్‌లో అదానీల అంబుజా తీసుకుంది. మొత్తం కంపెనీకి కట్టిన విలువ 8,100 కోట్లు. ఇట్ల కంపెనీ చేతులు మారిన ప్రతిసారీ షేర్లు ఉన్నోళ్లకు ధర దొరుకుతది. ఆ 8,100 కోట్లలో రాయి విలువ కూడా ఉంది. ఆ రాయి మీద ఒకప్పుడు జొన్న పండించినోళ్ల వాటా ఎంత? చట్టం లెక్కలో సున్నా. భూమి అమ్మిన రోజే వాళ్ల ఖాతా మూసుకుపోయింది.

సర్కారు కంపెనీ అయితే వేరేగా ఉంటదా? ఆదిలాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 1980ల్లో ఫ్యాక్టరీ పెట్టింది, 1990ల్లో ఉత్పత్తి ఆగింది. తెరవాలని ఏండ్లకేండ్లు ఆందోళనలు జరిగినయి. 2022లో యంత్రాలను తుక్కు కింద అమ్మడానికి టెండర్లు వచ్చినయి. ఇంటికో ఉద్యోగం అన్న మాట విన్నప్పుడు ఆదిలాబాద్ గుర్తుకు తెచ్చుకోండి. ఫ్యాక్టరీ బతికి ఉన్నన్నాళ్లే ఉద్యోగం.

ఇక డబ్బు పెట్టుబడి సంగతి. ఇది తొందరగా చెప్పేస్తా. కొత్త కంపెనీ వస్తుంది, ఇప్పుడే లక్ష కడితే షేర్లు ఇస్తం, మార్కెట్‌లోకి వచ్చినంక ఐదింతలు అని ఎవరన్నా ఫోన్ చేస్తే ఒక్కటి గుర్తు పెట్టుకోండి. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, ప్రాస్పెక్టస్ లేకుండా ఒక రకం షేర్లు అమ్మాలంటే ఏడాదికి 200 మందికి మించి అడగొద్దు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, నగదు తీసుకోవద్దు. ఊరూరా తిరిగి చేతికి నోట్లు తీసుకుంటున్నడంటే అది మోసం, ఇంకో మాట లేదు. అసలు కంపెనీ నిజమైనదే అయినా సిమెంటు ఎగుడుదిగుళ్ల వ్యాపారం. దక్షిణాదిలో అవసరం కంటే ఎక్కువ ఫ్యాక్టరీలు ఉన్నయి. 1936లో పుట్టిన ఆంధ్రా సిమెంట్స్ అంతటి పాత కంపెనీ దివాలా కోర్టుకు పోయి, 2023లో సాగర్ సిమెంట్స్ చేతికి వచ్చింది. భూమి అమ్మిన డబ్బు తెచ్చి ఇట్లాంటి దాంట్లో పెట్టకండి. పిల్లల ఫీజులకు ఉంచుకోండి.

భూమి దగ్గరికే మళ్లీ వద్దాం. అసలు బలం, అసలు ప్రమాదం రెండూ అక్కడే ఉన్నయి.

ఈ గదిలో కూర్చున్నోళ్లందరికీ ఒకటే చట్టం వర్తించదు. అమ్రాబాద్, మన్ననూర్ దిక్కు ఊళ్లు, పెంటలు 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డ్ ప్రాంతంగా ఉన్నయి. అక్కడ 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. దాని మీదనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి, బొర్రా దిక్కు గనుల లీజుల కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వడం కూడా బదిలీ కిందికే వస్తదని కోర్టు తేల్చింది. ప్రభుత్వ సంస్థ గాని, గిరిజనుల సహకార సంఘం గాని తవ్వుకోవచ్చంది. ఇంకో మాట కూడా అన్నది, అది మనోళ్లు తక్కువ చదివిన మాట: నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్లకు, బడులకు, దవాఖానలకు, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి. బస్తాకు 56 పైసలకూ, లాభంలో ఐదో వంతుకూ ఎంత తేడా ఉందో చూడండి.

కానీ వనపర్తి తండా, గద్వాల తండా షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. ఎస్టీ సర్టిఫికెట్ జేబులో ఉన్నా అక్కడ 1/70 లేదు, సమత తీర్పు లేదు. ఏజెంట్లు ముందుగా తండాలకే వచ్చేది ఇందుకే అని నా అనుమానం. అక్కడ మనకు మిగిలిన రక్షణలు వేరు. సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా అయితే వారసులకు వస్తది గానీ అమ్మరాదు. ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూసేకరణ చేస్తే 2013 చట్టం ప్రకారం 80 శాతం మంది ఒప్పుకోవాలి. ఉద్యోగం గాని, 5 లక్షలు గాని, ఇరవై ఏండ్లు నెలనెలా డబ్బు గాని, ఏదో ఒకటి కోరుకునే వీలు అందులో ఉంది. ప్రభుత్వం పెట్టిన హద్దు లోపల కంపెనీయే నేరుగా వచ్చి కొంటే మాత్రం ఇవేవీ అడగలేం. పట్టా భూమి ఉన్నోళ్లు అందుకే జాగ్రత్తగా ఉండాలి. బయానా కాగితం మీద వేలిముద్ర పడితే సగం బేరం అయిపోయినట్టే.

నా అభిప్రాయం అడిగితే పట్టా భూమిని అమ్మకండి. తప్పదనుకుంటే లీజు అడగండి, ఏటా పెరిగే లీజు. తీసిన రాయి మీద టన్నుకు ఇంత అని కాగితం మీద రాయించుకోండి. కంపెనీ ఎవరికి అమ్ముకున్నా ఆ ఒప్పందం కొత్త యజమానిని కట్టేసేటట్టు రిజిస్టర్ చేయించుకోండి. ఇది ఏ చట్టమూ ఇచ్చిన హక్కు కాదు, బేరమాడి తెచ్చుకోవాల్సిందే. ఒక్కడు పోతే దొరకదు, తండా మొత్తం ఒకటే మాట మీద పోతే దొరకొచ్చు.

వద్దు అనే మాట కూడా మన చేతిలోనే ఉంది. 2019లో నల్లమల యురేనియం వద్దంటే సెప్టెంబర్‌లో అసెంబ్లీయే తీర్మానం చేయాల్సి వచ్చింది. 2024 అక్టోబర్‌లో రామన్నపేటలో సిమెంటు గ్రైండింగ్ యూనిట్ ప్రజాభిప్రాయ సేకరణకు జనం కదిలి వచ్చిన్రు. మన గద్వాలలోనే, పెద్ద ధన్వాడ ఇథనాల్ ఫ్యాక్టరీ గొడవలో 2025 జూన్ తర్వాత రైతుల చేతులకు బేడీలు చూసినం. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ రోజున నినాదంతో పాటు రాసిన కాగితం కూడా తీసుకుపోండి. నోటి మాట గాలికి పోతది. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్న అభ్యంతరం రేపు కోర్టులో పనికొస్తది. నీళ్లు ఎక్కడ నుంచి తెస్తరు, పేలుళ్లు ఏ టైముకు, గుంతను ఏం చేస్తరు, మూతపడితే భూమి ఎవరిది: ఈ నాలుగూ తప్పకుండా రాయండి.

భోజనాల తర్వాత పక్క గదిలో కూర్చుందాం. పాసు పుస్తకం, పట్టా కాగితం, పోడు హక్కు పత్రం, ఏది ఉంటే అది తీయండి. అసైన్డ్ ఏదో, సొంత పట్టా ఏదో, షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి ఏ ఊరు వస్తదో ఒక్కొక్కరిది చూసి రాసుకుందాం. ఇప్పటికే ఎవరి దగ్గరన్నా బయానా తీసుకున్నోళ్లు ఉంటే సిగ్గుపడకుండా ముందు వాళ్లే రండి, ఆ కాగితం మీద తారీఖు చూడాలి.