ఫోటో వెనక పేరు



ఇవాళ మీతో ఫోటోల గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. పెళ్ళి ఫోటోలు కావు, సినిమా తారల ఫోటోలూ కావు. వరద వచ్చినప్పుడు, కరువు వచ్చినప్పుడు, మిల్లు మూతపడి కూలీలు వీధిన పడ్డప్పుడు పత్రికలో ఒక ముఖం చూసి 'అయ్యో పాపం' అనుకుంటామే, అలాంటి ఫోటోలు. మనుషుల బతుకును ఉన్నదున్నట్టు చూపించే ఈ ఫోటోలను డాక్యుమెంటరీ ఫోటోలంటారు.

ఈ విద్యకు ఇప్పుడు ఎం.ఏ. చదువులు కూడా వచ్చాయి. లండన్‌లో ఉంది. మన దేశంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వారు గాంధీనగర్‌లో ఫోటోగ్రఫీలో పోస్టుగ్రాడ్యుయేట్ చదువు చెబుతున్నారు. "మీట నొక్కడానికి ఎం.ఏ. ఎందుకండీ? సెల్‌ఫోను ఉన్న ప్రతివాళ్ళూ తీస్తూనే ఉన్నారుగా!" అని మీరు అడగవచ్చు. మెట్రిక్‌తో చదువు ఆగిపోయిన నాకూ అదే అనుమానం వచ్చింది. జవాబు ఏమిటంటే, అక్కడ కెమెరాతోబాటు పరిశోధన కూడా నేర్పుతారు. ఫోటోకి పరిశోధనతో ఏం పని? ఒక తల్లి కథ చెబుతాను, వినండి.

1936 మార్చి నెల. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, నిపోమో అనే ఊరు. గడ్డకట్టే చలికి బఠాణీ పంట పాడైపోయింది. పంట కోయడానికి వచ్చిన కూలీలు పనిలేక డేరాల్లో పడి ఉన్నారు. డొరోథియా లాంజ్ అనే ఆవిడ ప్రభుత్వం తరఫున పల్లెల్లో ఫోటోలు తీసే ఉద్యోగంలో ఉంది. నెల రోజుల తిరుగుడు ముగించుకుని కారులో ఇంటికి వెళుతూ, దారి పక్కన కూలీల శిబిరం బోర్డు చూసింది. ఆగకుండా సుమారు 20 మైళ్ళు వెళ్ళిపోయి, మనసొప్పక వెనక్కి తిరిగింది. చిరుగుల డేరా కింద ఒక తల్లి. ఇద్దరు పిల్లలు ఆమె భుజాల మీద ముఖాలు దాచుకున్నారు. ఒళ్ళో పసిబిడ్డ. ఆమె చెయ్యి చెంపకు ఆనించి ఎటో చూస్తోంది. లాంజ్ గబగబా కొన్ని ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఫోటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో పడ్డాయి. దేశం కదిలిపోయింది. ప్రభుత్వం ఆ శిబిరానికి 20 వేల పౌన్ల ఆహారం పంపింది. అంటే మన లెక్కలో సుమారు 9 వేల కిలోలు. 'వలస తల్లి' అనే ఆ ఫోటో లోకమంతా తిరిగింది. 1998లో అమెరికా తపాలాబిళ్ళ మీదకు కూడా ఎక్కింది.

ఇంతవరకు బాగానే ఉంది కదూ? ఇప్పుడు రెండోవైపు చూడండి. లాంజ్ ఆ తల్లి పేరు అడగలేదు. ఆమె కథా అడగలేదు. ఈ సంగతి లాంజ్ తానే 1960లో ఒక పత్రికలో రాసింది. వయసు 32 అని చెప్పిందట. ఆ కుటుంబం తిండి కోసం కారు టైర్లు కూడా అమ్ముకుందని లాంజ్ రాసింది.

42 ఏళ్ళు గడిచాయి. 1978లో ఒక పత్రికా విలేఖరి ఆ తల్లిని వెతికి పట్టుకున్నాడు. ఆమె పేరు ఫ్లారెన్స్ థామ్సన్. లోకమంతా ఆమెను తెల్లజాతి రైతుకూలీ అనుకుంది. కాని ఆమె చెరోకీ అనే ఆదివాసీ జాతి స్త్రీ. టైర్లు అమ్ముకోలేదనీ, కారు చెడిపోతే బాగుచేయించుకోవడానికి మగపిల్లలు ఊళ్ళోకి వెళ్ళారనీ కొడుకు చెప్పాడు. లాంజ్ అబద్ధమాడిందని అతను అనలేదు, ఒకరి కథ మరొకరి కథతో కలిసిపోయి ఉంటుందన్నాడు. ఇక ఆ తల్లి మాత్రం, తన ఫోటో అసలు తీయకపోతే బాగుండేదనీ, తనకు దానివల్ల చిల్లిగవ్వ రాలేదనీ బాధపడింది. ప్రభుత్వం వారి ఫోటో కాబట్టి లాంజ్‌కి కూడా దాని మీద హక్కు లేదు. అది వేరే సంగతి. ఆహారం వచ్చేసరికి ఫ్లారెన్స్ కుటుంబం అక్కడినుంచి వెళ్ళిపోయింది కూడా.

1983లో ఆమె పక్షవాతంతో మంచాన పడితే, వైద్యం ఖర్చుకు పిల్లలు పత్రికల ద్వారా అర్థించారు. ముక్కూ మొహం తెలియని జనం సుమారు 35 వేల డాలర్లు పంపారు. ఆ సెప్టెంబరులోనే ఆమె పోయింది. పేరు తెలిసిన తరవాతే కదండీ, ఆ సాయం ఆమెకు అందింది!

లాంజ్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కూలీలు అన్న మాటలను నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం ఆవిడకు అలవాటే. భర్త పాల్ టేలర్ ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. ఇద్దరూ కలిసి 1939లో వేసిన పుస్తకంలో ఫోటోల పక్కన ఆ మనుషుల మాటలే అచ్చువేశారు. అంత జాగ్రత్త మనిషికే అలసటతో తొందరపడ్డ రోజున ఇలా జరిగితే, ఇక మామూలు వాళ్ళ మాట చెప్పాలా?

అందుకే పరిశోధన. పెద్ద మాటే గాని, విప్పి చూస్తే మనకు తెలిసిన పనులే. వెళ్ళేముందు ఆ ఊరి సంగతి, ఆ పని సంగతి చదివి తెలుసుకోవడం. అక్కడ కూర్చుని పేరు అడగడం, ఈ ఫోటో ఎక్కడ వేస్తామో చెప్పి ఒప్పుకుంటేనే తీయడం. విన్నది ఆ రాత్రే రాసుకోవడం. రాసేటప్పుడు వాళ్ళు చెప్పింది వేరుగా, మనం ఊహించింది వేరుగా పెట్టడం. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరిని అడిగి, కాగితాలతో సరిచూడడం. చివరికి అచ్చయిన ఫోటో పట్టుకుని మళ్ళీ ఆ గడప తొక్కడం. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక ఉన్న మన ఆడవాళ్ళకు ఇవి రాని విద్యలా?

తీసినవాళ్ళ పేరుకూ విలువుందండోయ్. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా తీసిన తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆడమనిషి పేరు వేస్తే ఎవరు నమ్ముతారని! అదే మనిషికి 2011లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఈ పని మన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. అటకమీది ఆల్బం దించండి. మీ అత్తగారినో, పెద్దమ్మనో కూర్చోబెట్టి, ఒక్కో ఫోటో చూపించి ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని అడగండి. ఒకావిడ మాట మరొకావిడతో పోల్చి చూడండి. ఫోటో వెనక అంచున మెత్తని పెన్సిలుతో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందుకు పొడుచుకొస్తుంది, సిరా మరక పడుతుంది. తేదీ తేలకపోతే 'బహుశా' అని రాయండి గాని, నిశ్చయంగా రాయకండి. మన ఇంట్లో వంట చేసిన మనిషి, పాలు పోసిన మనిషి ఫోటో మూలన ఉంటారు చూడండి. వాళ్ళ పేరు కూడా రాయండి.

ఇక మీ అమ్మాయో అబ్బాయో కెమెరా చదువు చదువుతానంటే వెంటనే కాదనకండి. ఒక్క ప్రశ్న వేయండి. "ఫోటో తీసేముందు వాళ్ళ పేరు అడుగుతావా?" అని. అవునంటే, పంపించండి.