మాత జ్ఞానమ్మ స్మారకోపన్యాసము



చరిత్రలోనికి ప్రవేశించుటకు ముందు మా అమ్మమ్మగారి ఎడమచేతి బొటనవ్రేలిని గూర్చి ఒక మాట చెప్పుకొననిండు. రేపల్లెకు దిగువనున్న యొక పల్లెలో, పడుచువయస్సుననే భర్తను పోగొట్టుకొని ఇద్దరు బిడ్డలను సాకుకొనుచున్న ఆమెకు, చదువు వచ్చిన యొక పెద్దమనిషి కాగితము చదివి వినిపించి వ్రేలిముద్ర వేయించుకొనెను. చదివినది కౌలు, వ్రాసినది క్రయము. అరయెకరము మాగాణి ఆ సిరామరకతో పోయినది. ఎన్నో యేండ్లకు, ఆమె అరువది దాటిన తరువాత, ఒక కన్యస్త్రీ చేటలో సన్నని యిసుక పోసి, ఆమె చూపుడువ్రేలు తన చేతితో పట్టి, ‘మరియమ్మ’ అను నాలుగక్షరములు దిద్దించినది. చేట కుదిపిన అక్షరములు చెరిగిపోవును గదా యని మా అమ్మమ్మ ఆ సాయంకాలమంతయు దానిని ఎవ్వరిని ముట్టనీయక అరుగుమీదనే యుంచినది. ఆ చేటను చూచిన నాకు, నేడు మనము స్మరించుచున్న మాత జ్ఞానమ్మగారి చరిత్ర ఎక్కడనో దూరమున జరిగినట్లు ఏనాడును తోచలేదు.

జ్ఞానమ్మగారు 1822వ సంవత్సరమున కొండవీటి కొండల చెంతనున్న ఫిరంగిపురమున జన్మించిరి. మనము నేడు కూడిన యీ తెనాలికి ఆ యూరు పడమటగా సుమారు ఏబది కిలోమీటర్లు. ఫ్రెంచి యేసుసభ గురువులు పదునెనిమిదవ శతాబ్దియందు కర్ణాటక మిషన్ పేర తెలుగుసీమకు తెచ్చిన విశ్వాసము, 1773లో వారి సభయే రద్దయి గురువుల దర్శనము అరుదైపోయిన కాలమున, ఉపదేశుల నోటను, తల్లుల జపమాలలయందును నిలిచి బ్రతికినది. ఆనాటి పేరులే అందులకు సాక్ష్యము. ఇగ్నేషియస్ మన ఇండ్లలో ఇన్నయ్య యయ్యెను; జేవియర్ శౌరయ్య యయ్యెను; పీటరు రాయప్పగను, పౌలు చిన్నప్పగను, పునీత అన్న అన్నమ్మగను మారి, పొలము దున్నుచు, నాట్లు వేయుచు, మనవారితో మనవారై కలిసిపోయిరి. జ్ఞానస్నానమునందలి జ్ఞానమే పేరుగా గల యీ బిడ్డ అట్టి యింట పుట్టినది.

ఆమెకు పదునొకండవ యేడు వచ్చుసరికి నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను కబళించెను. 1832–33లలో, ఐదు లక్షల జనమున్న జిల్లాలో సుమారు రెండు లక్షలమంది నశించిరని లెక్క. మద్రాసు బాటపట్టిన కుటుంబములు బాట ప్రక్కనే ఒరిగిపోయినవి. ఇట్టి కరువుల గుణపాఠము తరువాతనే 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట లేచి, కాలువనీరు మన తెనాలి, రేపల్లె, బాపట్ల పొలములకు ప్రాకినది. ఇందు కూర్చున్న మనలో పలువురి తాతలు తిన్న అన్నము ఆ నీటిదే. ఆ నీరు పారు నాటికి జ్ఞానమ్మగారు ఈ సీమను విడిచి, ఇన్నయ్యగారి ఇల్లాలై, మద్రాసునకు పడమటనున్న కీళచ్చేరిలో కాపురము చేయుచుండిరి. అది అరవదేశపు గ్రామమే గాని, తరములకు పూర్వము తెలుగునాటనుండి వలసపోయిన కథోలిక కుటుంబములు అచట తెలుగుమాటను, తెలుగు కట్టుబొట్టును విడువక నిలుపుకొనియుండిరి.

ఐదుగురు బిడ్డల తల్లియైన ఆమెకు నడివయస్సున వైధవ్యము ప్రాప్తించెను. వితంతు పునర్వివాహ చట్టము 1856లో పుట్టినదన్న మాటయే గాని, వితంతువునకు ఇంటిలో మూలగది తప్ప వేరొక చోటు చూపిన పల్లె ఆనాడు ఎచటను లేదు. జ్ఞానమ్మగారు ఆ మూలనుండి లేచి వచ్చి 1863వ సంవత్సరమున కీళచ్చేరిలో బాలికలకు బడి పెట్టిరి. మద్రాసు మేత్రాణులుగా నుండిన జాన్ ఫెన్నెల్లీగారి కాలమది. ఆ బడిచుట్టును చేరిన స్త్రీలతో ఒక సోదరీసమాజము రూపుకట్టినది. దానికి పునీత అన్నమ్మ పేరు పెట్టిరి.

ఈ పేరుకడ మీరు నాతో కొంత నిలువుడు. పునీత అన్నమ్మగారి పటములు మన గుడులలో చూచియుందురు. వృద్ధమాత కూర్చుండి యుండును. ఆమె మోకాలికడ చిన్నారి మరియ నిలిచి యుండును. తల్లి యొడిలో పుస్తకము విప్పి యుండును. కిరీటముగాని సింహాసనముగాని లేని యీ చిత్రమున, దేవమాత సయితము తన తల్లివద్ద చదువు నేర్చుకొనుచున్నది. బిడ్డలను కని పెంచిన జ్ఞానమ్మగారికి పునీతులందరిలో ఈ పునీతయే ఆదర్శమగుట ఎంతయు సహజమని నా మనస్సు చెప్పుచున్నది.

మన సీమకు ఓడలెక్కి వచ్చిన పుణ్యాత్ములను నేను తక్కువ చేయను. హాలండునుండి 1904లో వచ్చిన యేసు మరియ జోసెఫు సభ సోదరీమణులను, 1920లో ఆస్ట్రేలియానుండి గుంటూరు చేరి, కన్యస్త్రీయై, జీవితమంతయు రోగులకు ధారపోసిన డాక్టరు మేరీ గ్లౌరీగారిని మరచువాడు కృతఘ్నుడు. కాని వారందరికంటె ముందే, ఏ విదేశపు మఠపు అండయు లేక, మన పొలముగట్లమధ్య పుట్టిన ఒక ఇల్లాలు మఠమునకు పునాది వేసినదని మన పిల్లలకు ఎందరము చెప్పితిమి? కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పినది 1874లో. అది మన కందరకు కంఠస్థము. ఆ యేటనే, డిసెంబరు 21వ తేదీన, పదునొకండేండ్ల బడిని వెనుక నిలిపి జ్ఞానమ్మగారు కన్నుమూసిరి. ఆమె బడికి సరిగా ఏబదేండ్లు నిండిన 1913లో, మన బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ కూడి తెలుగువారి అభ్యుదయమును చర్చించినది. మన స్త్రీవిద్యాచరిత్రలో ఆమెకు ఒక ప్రకరణమైనను దక్కకపోవుట అన్యాయమని నేను స్పష్టముగా చెప్పుచున్నాను.

మద్రాసున నొకటియు, ఆమె పుట్టిన ఫిరంగిపురమున నొకటియు, పునీత అన్నమ్మ సభలు రెండును నేడు ఆమెను తమ మాతగా పేర్కొనుచున్నవి. 2014లో తిరుసభ ఆమెను దైవసేవకురాలని పిలిచినది. పునీత పట్టమునకు అది తొలిమెట్టు. తక్కిన మెట్లు రోము నిర్ణయింపవలసినవి.

మనము చేయదగినది మన యిండ్లలోనే యున్నది. తెనాలిలో, బాపట్లలో, రేపల్లె లంకపల్లెలలో, మీ యింటి ముసలమ్మలను కూర్చుండబెట్టి, మొదటి అక్షరము ఎవరి చేతిమీదుగా వచ్చినదో అడుగుడు. ఆమె చెప్పిన పేరు, ఆ యూరు, ఆ యేడు కాగితముపై వ్రాసి, చదివి వినిపించి, అడుగున ఆమెచేతనే సంతకము చేయింపుడు.