పేరు మారింది, ముఖం మారలేదు

రంగస్థల, చలనచిత్ర విభాగాల్లో ఈరోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీకు నా హృదయపూర్వక అభినందనలు.

రేపటి నుంచి మీరు ఆడిషన్లకు వెళ్తారు. మీ ఎత్తు, రంగు, యాస మీద ఎవరెవరో తీర్పులు చెబుతారు. అందుకే మీకు ఇటలీ నటి సోఫియా లోరెన్ తొలి రోజుల గురించి చెప్పాలనిపించింది.

ఆమె 1934లో రోమ్‌లో పుట్టారు. నేపుల్స్ దగ్గర పొజ్జువోలిలో అమ్మమ్మగారింట పెరిగారు. యుద్ధకాలంలో బాంబుదాడులు, ఆకలి చూశారు. బక్కగా ఉన్నారని తోటిపిల్లలు పుల్ల అని ఏడిపించేవారు. నేపుల్స్ అందాల పోటీకి ఇంట్లోని కిటికీ తెరలతో కుట్టిన గౌను వేసుకుని వెళ్లారు. అక్కడ గెలిచిన బహుమతుల్లో రోమ్‌కు రైలు టికెట్ కూడా ఉంది.

తల్లితో కలిసి రోమ్ చేరి, ‘క్వో వాదిస్’ చిత్రంలో గుంపులో ఒకరిగా నిలబడ్డారు. సోఫియా లజ్జారో పేరుతో పత్రికల ఫోటో కథలకు మోడల్‌గా పనిచేశారు. కదలని ఒక్క ఫోటోలో కోపమో ప్రేమో పలికించాలంటే ముఖానికి ఎంత సాధన కావాలో మీకు తెలుసు. 1953 నాటి ‘ఆయిదా’ ఒపెరా చిత్రంలో గొంతు గాయని రెనాటా తెబాల్దిది, అభినయం సోఫియాది. మరొకరి పాటను తన ఊపిరిగా చూపించడమూ నటనే.

ముక్కు పొడుగు, నడుం కింద వెడల్పు, కెమెరాకు పనికిరాదన్నారు ఛాయాగ్రాహకులు. ముక్కు సరిచేయించుకోమని నిర్మాత కార్లో పోంటి సూచించారు. ఆమె ఒప్పుకోలేదు. లోరెన్ అన్న కొత్త పేరును స్వీకరించారు, కొత్త భాషలు నేర్చారు, ముఖాన్ని మాత్రం కత్తికి అప్పగించలేదు.

1954లో దర్శకుడు వితోరియో దె సికా ‘నేపుల్స్ బంగారం’లో ఆమెకు పిజ్జాలమ్మే యువతి పాత్ర ఇచ్చారు. తాను పెరిగిన నేల మనుషుల నడక, మాట అందులో అక్కరకొచ్చాయి. ఆయనే తీసిన ‘లా చొచారా’కు 1962లో ఆస్కార్ అందుకున్నారు. ఇంగ్లీషేతర చిత్రంలో నటనకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

బిడ్డలారా, ఉచ్చారణ స్పష్టంగా ఉండాలంటే రోజూ సాధన చేయండి. వేషం ఎంత చిన్నదైనా మనసుపెట్టి చేయండి. మీ ఊరినీ మీ పోలికల్నీ చూసి సిగ్గుపడమంటే మాత్రం కుదరదనండి. గురువులిచ్చిన విద్య, కన్నవాళ్లిచ్చిన రూపం రెండూ మీ ఆస్తే. వాటితో ధైర్యంగా బతకమని మనసారా దీవిస్తున్నాను.