ఫ్యూజీ శిఖరంపై సూర్యోదయం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భూగోళ పాఠంలో అగ్నిపర్వతాల ప్రస్తావన రాగానే తరతరాల విద్యార్థులు వల్లె వేసిన పేర్లలో ఫ్యూజియామా ఒకటి. జపాను వారు మాత్రం ఆ పర్వతాన్ని ఫుజిసాన్ అని పిలుచుకుంటారు. 'పర్వతం' అనే అర్థమిచ్చే ఒకే అక్షరాన్ని వారు 'యామా' అనీ 'సాన్' అనీ రెండు విధాల చదువుతారు. అందువల్ల ఏర్పడినదే ఈ నామభేదం. ఆ పర్వతాన్ని రాత్రివేళ ఎక్కి, శిఖరం మీద నిలిచి, తొలి సూర్యకిరణాన్ని దర్శించుకోవడం ఆ దేశంలో శతాబ్దాల నాటి ఆచారం. దానికి వారు పెట్టుకున్న పేరు 'గొరైకో'. వెలుగు వేంచేయడం అని దాని భావం. సూర్యుడు ఉదయించాడని గాక, వెలుగు దయచేసిందని చెప్పుకోవడంలోనే వారి భక్తి వ్యక్తమవుతున్నది.

అగ్నిపర్వతం అనగానే అది ఎక్కడో దూరదేశాల వింత అని భావించనక్కరలేదు. మహారాష్ట్రలోని నల్లరాతి కొండలన్నీ సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుండి పొంగి ప్రవహించిన లావా గడ్డకట్టగా ఏర్పడినవే. ఆ నల్లరాయి ఆనవాళ్ళు రాజమహేంద్రవరం పరిసరాలలో, గోదావరికి ఇరువైపులా నేటికీ కనిపిస్తాయి. అయితే దక్కను లావా ఏనాడో చల్లారింది. ఫ్యూజీ చల్లారలేదు.

జపాను దేశపు ప్రధాన ద్వీపమైన హొన్షూలో, టోక్యో నగరానికి నైరుతి దిశగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, 3776 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది ఈ పర్వతం. భూమి పైపొరలోని మూడు మహాఫలకాలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే చోట అది వెలసింది. లావా ఒక పొర, బూడిద ఒక పొర, మళ్ళీ లావా ఒక పొర, ఇలా వేల సంవత్సరాలు పేరుకొని, బోర్లించిన దోసిలి వంటి ఆకృతి దానికి ఏర్పడింది. చివరిసారి అది బద్దలైనది 1707 డిసెంబరులో. అంతకు 49 రోజుల ముందు ఆ ప్రాంతాన్ని ఒక మహాభూకంపం కుదిపివేసింది. నాడు ఎడో అని పిలువబడిన నేటి టోక్యో నగరం మీద కూడా ఆ బూడిద కురిసింది. ఆగ్నేయ పార్శ్వాన నాడు తెరుచుకున్న బిలం ఈనాటికీ ఆ కొండ పక్కన పెద్ద గాయపు మచ్చలా కనిపిస్తుంది.

ఇటువంటి కొండను చీకటిలో ఎక్కడం ఎందుకు? పగలే ఎక్కి, అక్కడే ఉండి, మరునాటి సూర్యోదయం చూడరాదా? పిల్లలు తప్పక అడగదగిన ప్రశ్నలివి.

యాత్రికులలో అధికసంఖ్యాకులు బయలుదేరేది యొషిదా మార్గంలో, సుమారు 2300 మీటర్ల ఎత్తున ఉన్న 'ఐదవ మజిలీ' నుండి. అక్కడి వరకు బస్సులు వెళతాయి. అక్కడి నుండి శిఖరం చేరడానికి ఐదారు గంటలు, ఒక్కొక్కప్పుడు ఏడు గంటలు పడుతుంది. తెలివైన యాత్రికుడు మధ్యాహ్నమే బయలుదేరి, సాయంత్రానికి దారిలోని కొండగుడిసె చేరి, ఇంత తిని, ఇరుగుపొరుగుకు భుజాలు ఆనేంత ఇరుకులో నడుము వాల్చుతాడు. అర్ధరాత్రి దాటిన పిమ్మట గుడిసె యజమాని లేపుతాడు. తల మీద దీపం కట్టుకొని తక్కిన దారి నడుస్తాడు. క్రిందికి చూస్తే వంపులు తిరిగిన దీపాల వరుస, పైకి చూసినా అదే వరుస. ఎక్కడ దీపాలు ముగిసి నక్షత్రాలు మొదలయ్యాయో గుర్తించడం కష్టం. కాలి క్రింద గట్టి నేల లేదు. ఎర్రని, నల్లని కంకరరాయి. ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు వెనక్కు జారుతుంది.

పైకి పోయిన కొద్దీ చలి పెరుగుతుంది. ప్రతి 100 మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు 0.6 డిగ్రీ తగ్గుతుంది. టోక్యోలో జనులు ఉక్కతో అల్లాడే ఆగస్టు మాసంలోనే శిఖరం మీద సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీలు. తెల్లవారుజామున, గాలి వీస్తున్నప్పుడు, నీరు గడ్డకట్టే స్థితికి అది చేరువవుతుంది. గాలి ఒత్తిడి సముద్రతీరంలోని దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అందుచేత తల బరువెక్కుతుంది, కడుపులో వికారం పుడుతుంది, పది అడుగులకు ఒకసారి నిలబడవలసి వస్తుంది. నెమ్మదిగా నడచినవాడు శిఖరం చేరుతాడు. పరుగెత్తినవాడు దారిలో కూలబడతాడు.

ఇక తూర్పు దిక్కు. మొదట బూడిద రంగు, తరువాత లేత గులాబి, ఆపై కుంకుమ. మేఘాలు తలపైన లేవు. పాదాల క్రింద సముద్రంలా పరచుకొని ఉన్నాయి. జూలై ఆరంభంలో నాలుగున్నర గంటల ప్రాంతంలో, ఆగస్టు చివరన ఐదు గంటల ప్రాంతంలో ఆ మేఘసముద్రపు అంచున అగ్నిరేఖ ఒకటి మెరుస్తుంది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటున్నది. అంత ఎత్తున నిలబడినవానికి దిగంతం సుమారు 220 కిలోమీటర్ల దూరానికి జరిగిపోతుంది. అందువల్ల సముద్రమట్టాన ఉన్నవాని కంటే కొన్ని నిమిషాల ముందే అతనికి సూర్యదర్శనమవుతుంది. ఆ కష్టమంతా ఈ కొద్ది నిమిషాల కోసమేనా అంటే, ఒక విధంగా నిజమే. అదే సమయంలో పడమటి వైపు తిరిగినవారికి మరొక అద్భుతం కనిపిస్తుంది. పర్వతపు నీడ నిండు త్రికోణమై మేఘాల మీద, లోయల మీద సాగి పడుకుంటుంది. జనులందరూ వెలుగును చూస్తుంటే నీడను కూడా చూడగలిగినవాడే సంపూర్ణ దృశ్యాన్ని చూసినవాడు.

ఆ నీడ వంటి కథలు ఫ్యూజీకి కొన్ని ఉన్నాయి.

ఎడో కాలంలో ఫ్యూజీని ఆరాధించే భక్తసమాజాలు వెలిశాయి. తెల్లని వస్త్రాలు ధరించి, చేత దండం పట్టి, ఆరు ఇంద్రియాలు పరిశుద్ధములగు గాక అనే భావం గల మంత్రాన్ని జపిస్తూ వారు కొండ ఎక్కేవారు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరం, మనస్సు: ఈ ఆరింటి లెక్క భారతదేశంలో పుట్టి బౌద్ధంతో పాటు జపాను చేరినదే. యాత్రికుల చేతికర్రను 'కొంగోజుఎ' అంటారు. 'కొంగో' అనగా వజ్రం. వజ్రాయుధంలోని వజ్రమే సముద్రాలు దాటి అక్కడ చేతికర్ర అయింది. ప్రతి మజిలీలోను ఆ కర్రకు ఒక ముద్ర కాల్చి వేస్తారు. ఈ ఆచారం నేటికీ ఉన్నది.

అయితే ఆ పవిత్ర శిఖరం మీద స్త్రీ అడుగు పెట్టకూడదని నాటి కట్టడి. భక్తసమాజాల గురువులలో జికిగ్యో మిరోకు అనే ఆయన స్త్రీపురుషులు సమానులని బోధించి, 1733లో ఆ కొండ మీదనే నిరాహారదీక్షతో ప్రాణం విడిచాడు. అయినా కట్టడి మారలేదు. 1832లో తకయామ తత్సు అనే యువతి పురుషవేషం ధరించి, సహభక్తులతో కలిసి శిఖరం చేరింది. ఆ పర్వతాన్ని అధిరోహించిన తొలి మహిళగా చరిత్ర ఆమెను గుర్తుంచుకున్నది. ప్రభుత్వం నిషేధాన్ని తొలగించినది 1872లో, అనగా ఆమె ఎక్కిన 40 ఏళ్ళకు. నేడు ఆ దారిలో నడిచే బాలికలకు తమ ముందు ఎవరు ఏ వేషంలో నడిచారో తెలియకపోవచ్చు. దారికి మాత్రం తెలుసు.

రెండవ కథ 1895 నాటిది. నొనకా ఇతారు అనే యువకునికి ఒక ఆలోచన కలిగింది. తుఫానులు, వర్షాలు పై గాలులలో రూపు దిద్దుకుంటాయి. కనుక వాతావరణాన్ని ముందుగా తెలుసుకోవాలంటే ఎత్తయిన చోట ఏడాది పొడవునా పరిశీలన జరగాలి. జపానులో ఫ్యూజీని మించిన ఎత్తు లేదు. కానీ చలికాలంలో ఆ శిఖరం మీద మనిషి బ్రతకగలడని నమ్మినవారు అరుదు. అక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు. ఇతారు తన సొంత ధనంతో శిఖరాన చిన్న గుడిసె కట్టించి, అక్టోబరు 1 నుండి పరిశీలన ప్రారంభించాడు. రెండు గంటలకు ఒకసారి, రాత్రింబవళ్ళు, రోజుకు పన్నెండు పర్యాయాలు కొలతలు తీసుకోవాలి. ఒక్క మనిషి నిద్ర మానితే గాని అది సాధ్యం కాదు. ఈ సంగతి గ్రహించిన అతని భార్య చియోకో చంటిబిడ్డను పెద్దల వద్ద విడిచి, భర్తకు ముందుగా తెలుపకుండానే కొండ ఎక్కి అతనిని చేరుకున్నది. ఆలుమగలు వంతులు వేసుకొని పనిచేశారు. సరియైన ఆహారం లేక ఇద్దరి శరీరాలు వాచాయి, జబ్బుపడ్డారు. అయినా పట్టికలోని గడులు నిండుతూనే వచ్చాయి. డిసెంబరులో కొందరు పైకి వచ్చి, బలవంతపెట్టి వారిని దించారు. అప్పటికి 82 రోజులు గడిచాయి.

చలికాలం పూర్తి కాలేదు గనుక లోకం దీనిని వైఫల్యమని అనవచ్చు. కానీ శిఖరాన శీతకాలంలో మనిషి నిలిచి పరిశీలన చేయవచ్చునని రుజువైనది ఆ 82 రోజులలోనే. 1932లో అక్కడ ఏడాది పొడవునా పనిచేసే వాతావరణ కేంద్రం ఏర్పడింది. 1959లో ఇసె అఖాతపు తుఫాను అయిదువేల మందికి పైగా జనులను పొట్టనబెట్టుకున్న తరువాత, దూరాన ఉన్న తుఫానును ముందే పసిగట్టడానికి 1964లో శిఖరం మీద రాడారును నెలకొల్పారు. 800 కిలోమీటర్ల దూరం వరకు దాని చూపు ఆనేది. ఆ రాడారు నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన వాతావరణ శాస్త్రజ్ఞుడే నిత్తా జిరో అనే కలంపేరుతో రచయిత అయి, చియోకో జీవితాన్ని నవలగా వ్రాశాడు. ఉపగ్రహాలు వచ్చిన తరువాత 1999లో రాడారు విరమించింది. 2004లో సిబ్బంది కూడా కొండ దిగారు. నాటి నుండి పరిశీలనను యంత్రాలే చూసుకుంటున్నాయి.

ఈ చరిత్రలో పేర్లు తెలియని ఒక వర్గం ఉన్నది. జపానులో వారిని 'గొరికి' అంటారు, బలశాలురని అర్థం. గుడిసెలకు కావలసిన దూలాలు, బొగ్గు, బియ్యం, పరికరాలు సమస్తం మోసినది వారి వీపులే. వారు కూడా సూర్యోదయాన్ని చూసి ఉంటారు. అయితే బరువు దించుకునే అవకాశం చిక్కినప్పుడు మాత్రమే.

2013లో యునెస్కో ఫ్యూజీని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. కీర్తితో పాటు రద్దీ పెరిగింది. రాత్రి బస్సు దిగి, గుడిసెలో విశ్రమించక, తెల్లవారేలోపు శిఖరం తాకి వెంటనే దిగిపోవాలనే తొందరపాటును జపాను వారు 'తూటా ప్రయాణం' అని పిలుస్తారు. చలికి తగిన దుస్తులు లేక, గాలి చాలక, చీకటిలో దారి తప్పి ప్రమాదాలకు గురి అయినవారు అటువంటివారిలో ఎందరో. అందుచేత 2024లో యొషిదా మార్గానికి ద్వారం అమర్చి, రోజుకు 4000 మందికి మించి అనుమతించరాదని, గుడిసెలో చోటు నిశ్చయించుకోనివారిని రాత్రివేళ పోనివ్వరాదని నియమం చేశారు. 2000 యెన్ల రుసుము విధించారు. 2025లో నాలుగు మార్గాలలోను రుసుము 4000 యెన్లయింది. ద్వారం మూసినవారు సూర్యోదయాన్ని దాచుకోవడం లేదు. దానిని చూడబోయేవారు ప్రాణాలతో తిరిగి రావాలని కోరుతున్నారు.

కొండ నిద్రపోతున్నదే గాని మరణించలేదన్న మాట కూడా మరువరాదు. అదే దేశంలోని ఒంతాకే పర్వతం 2014 సెప్టెంబరు 27న, ఆకురాలు కాలపు అందాలు చూడవచ్చినవారితో శిఖరం నిండి ఉన్న మధ్యాహ్నవేళ, హఠాత్తుగా బద్దలైంది. 58 మంది మరణించారు, ఐదుగురి జాడ నేటికీ తెలియలేదు. ఆనాటికి అక్కడి ప్రమాదసూచిక అతి తక్కువ స్థాయిలోనే ఉన్నది. ప్రకృతి దర్శనానికి పోయేవానికి భక్తి ఎంత అవసరమో జాగరూకత అంత అవసరమని ఆ దినం బోధించింది.

తల్లిదండ్రులారా, పూర్వ విద్యార్థులారా! స్వరాష్ట్రానికి వెలుపల, తెలుగు మాధ్యమంలో ఒక పాఠశాల 75 సంవత్సరాలు నిలిచిందంటే అది కూడా ఒక నిశిరాత్రి అధిరోహణమే. బల్లలు మోసినవారు, ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పిలుచుకు వచ్చినవారు, పుస్తకాలు దొరకని సంవత్సరాలలో చేతివ్రాతతో పాఠాలు సిద్ధం చేసినవారు ప్రతి పాఠశాల చరిత్రలోను ఉంటారు. వారిలో అందరి పేర్లూ శిలాఫలకం మీదకు ఎక్కవు. అడుగు వేస్తే అర అడుగు జారే కంకర దారి వారిది. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గిన ఏడు కూడా హాజరుపట్టికలో గడులు నింపుతూ పోయిన ఉపాధ్యాయునికీ, మంచులో రెండు గంటలకొకసారి లేచిన ఆ దంపతులకూ పెద్ద భేదం లేదు.

చిన్నారులారా! ఏనాడైనా ఎత్తయిన చోట నిలిచి ఉదయకాంతిని చూసే భాగ్యం కలిగినప్పుడు, ఒక్క క్షణం వెనుదిరిగి పడమటి వైపున పడిన నీడను కూడా చూడండి. ఎక్కివచ్చిన దారి ఉన్నది ఆ నీడలోనే.

స్వస్తి.